తెలియజెప్పే బాధ్యత: పటాన్‌చెరు నుంచి ‘సవాలక్ష సందేహాలు’ వరకు

గర్భస్రావాన్ని నీతి సమస్యగా, గర్భనిరోధాన్ని జనాభా సమస్యగా, లైంగిక విద్యను శిక్షణ సమస్యగా విడదీసి చర్చించడం పరిపాటి. ఈ మూడింటినీ ఒకే సూత్రంతో ముడివేసిన సందర్భం తెలంగాణ సమీప చరిత్రలో ఉంది. దానిని పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం.

1971 నాటి వైద్య గర్భస్రావ చట్టం గర్భనిరోధక సాధనం విఫలమైనప్పుడు గర్భస్రావానికి వీలు కల్పించింది. అయితే ఆ వీలు వివాహితకే, అదీ సంతానాన్ని పరిమితం చేసుకొనే సందర్భానికే వర్తించింది. స్త్రీ సమ్మతి అవసరమే; కాని నిర్ణయం వైద్యుని అభిప్రాయంపై ఆధారపడింది. అంటే చట్టం వెనుక స్త్రీ స్వేచ్ఛ కంటే జనాభా విధానమే బలంగా కనిపిస్తుంది.

ఈ నేపథ్యంలో 1985లో పటాన్‌చెరు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నెట్-ఎన్ అనే గర్భనిరోధక ఇంజెక్షన్ ప్రయోగం వివాదాస్పదమైంది. అది ప్రయోగమన్న సంగతి స్త్రీలకు తెలియజెప్పలేదని హైదరాబాదులోని స్త్రీశక్తి సంఘటన ఆక్షేపించింది. 1986లో ఢిల్లీకి చెందిన సహేలీ, అహ్మదాబాదుకు చెందిన చింగారీ వంటి సంస్థలతో కలిసి సుప్రీంకోర్టును ఆశ్రయించింది. ఈ అభ్యంతరాన్ని సంప్రదాయవాదుల గర్భనిరోధ వ్యతిరేకతతో కలిపి చూడరాదు. వారు సాధనాన్నే నిరాకరించారు. సంఘటన ప్రశ్నించినది తెలియజెప్పకుండా పొందిన సమ్మతిని.

అదే 1986లో ఆ సంస్థే ‘మనకు తెలియని మన చరిత్ర’ను ప్రచురించింది. సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల కథనాలవి. పసిబిడ్డను పరులకు అప్పగించవలసి వచ్చిన కమలమ్మ వేదన అందులో నమోదైంది. న్యాయస్థానంలో వేసిన ప్రశ్న, గ్రంథ నామంలోని ‘తెలియని’ అన్న మాట ఒకే ఆలోచనకు రెండు రూపాలు. మాతృత్వాన్ని గురించిన నిర్ణయం ఇతరుల చేతిలో ఉన్నప్పుడు స్త్రీ ఏమి కోల్పోతుందో రెండూ చూపాయి.

సంఘటన వెలువరించిన ‘సవాలక్ష సందేహాలు’ ఆ ఆలోచనకు కొనసాగింపు. స్త్రీ శరీరాన్ని, ఆరోగ్యాన్ని సామాన్య పాఠకురాలికి తెలుగులో వివరించిన గ్రంథమది. ఉపదేశానికి బదులు సందేహాన్ని శీర్షికగా నిలపడం గమనార్హం. లైంగిక విద్య ఇక్కడ నీతిబోధ కాదు. గర్భనిరోధం గురించి, గర్భస్రావం గురించి స్వయంగా నిర్ణయించుకోవడానికి ముందుండవలసిన జ్ఞానం.

2021 సవరణ చట్టంలోని ‘వివాహిత’ను ‘స్త్రీ’గా, ‘భర్త’ను ‘భాగస్వామి’గా మార్చింది. చట్ట పదజాలం మారినా, సమ్మతి పత్రంలోని విషయం సంతకం చేసే స్త్రీకి ఆమె తెలుగులో అర్థమైందా అన్న ప్రశ్న మిగిలే ఉంది. కనుక సమ్మతి వైద్య, న్యాయ రంగాలకే పరిమితమైన అంశం కాదు. అది భాషా సమస్య కూడా. స్త్రీల ఆరోగ్య గ్రంథాలను తెలుగు వచన చరిత్రలో భాగంగా అధ్యయనం చేయవలసిన అవసరం ఇక్కడే ఏర్పడుతుంది.