నిత్యం పండుగైన కంచం

కామారెడ్డి, ఎల్లారెడ్డి మెట్ట పల్లెలలో ఒకప్పుడు నిత్యాహారం జొన్నరొట్టె, గటక. వరి అన్నం, తీపి వంటకం పండుగనాటి భాగ్యాలు. బతుకమ్మ సద్దులలోని పెరుగన్నం, పులిహోర, నువ్వుల సత్తు, బెల్లపు మలీద ఏడాదికి కొన్నాళ్ల రుచులు. మిగిలిన దినాలు పొలంలో శ్రమించే దేహానికి అవి భారం కాలేదు.

తరువాత నీరు వచ్చింది. 1922లో పోచారం, 1931లో మంజీరపై నిజాంసాగర్ పూర్తయ్యాయి. ఆయకట్టులో వరి, చెరకు విస్తరించాయి. 1930ల చివర బోధన్‌లో చక్కెర కర్మాగారం వెలసింది. 1983లో మొదలైన కిలో రెండు రూపాయల బియ్యం పథకంతో మెట్ట పల్లెల పేదలకూ తెల్లన్నం చేరువైంది. ఆకలి తగ్గింది, అది చిన్న మేలు కాదు. కాని క్రమంగా ఒంటి శ్రమ తగ్గి, కంచంలో ప్రతి పూటా పండుగే అయింది.

కనుక దోషం సద్దులది కాదు, నిత్యపు కంచానిది. మధుమేహం ఉన్నవారు పండుగను విడువనక్కరలేదు. సద్దులు కొద్దిగా తిని, ఆ పూట వేరే అన్నం మానండి. మందులు మాత్రం మానకండి. బతుకమ్మ చుట్టూ ఓపిక మేరకు ఆడండి. మరునాడు జొన్నరొట్టె, పప్పు, ఆకుకూరలకు మరలండి. పూర్వులు పండుగను అరుదుగా ఉంచారు. దాని తీపి అందులోనే ఉన్నది.