తొలి కెమెరా



మా యింటి పాత భోషాణములో ఒక ఛాయాచిత్రము కలదు. అందు మా తాతగారు తలపాగాతో, చేతికఱ్ఱతో కుర్చీపై కూర్చుండియున్నారు. వ్యాజ్యపు పనిమీద పట్టణమునకు పోయినప్పుడు అచటి స్టూడియోలో తీయించుకొన్న పటమది. మా నాయనమ్మ పటము మాత్రము ఒక్కటియును లేదు. ఆమె పట్టణమునకు పోలేదు. పటము తీయువాడు మా యూరికి రాలేదు. ఆమె యెట్లుండెడిదని మేము చిన్నతనమున అడిగినప్పుడెల్ల, "మీ మేనత్తను చూడుడు, అచ్చముగా అట్లే యుండెడిది" అని పెద్దలు చెప్పెడివారు. చెప్పుటయే గాని చూపుటకేమియు లేకపోయెను.

ఈ సంగతి యిప్పుడేల జ్ఞప్తికి వచ్చెననగా, మొన్న మా మనుమడు తనకొక కెమెరా కొనిపెట్టుమని అడిగెను. దుకాణమువారు వ్రాసియిచ్చిన పట్టికను నా చేతికిచ్చెను. అందు కెమెరా ఒకటి, లెన్సులు నాలుగు, సంచి, మూడుకాళ్ల స్టాండు. అన్నియు గలిపి చూచిన ఆ వెల ఒక జత ఎడ్ల వెలకు తీసిపోదు. "ఇవి యన్నియు లేనిదే ఈ విద్య పట్టుబడదట, తాతా" అనెను. నిజమేనా యని నాకు సందేహము గలిగి, ఈ యంత్రముయొక్క చరిత్రను కొంత చదివితిని. నా సందేహమునకు సమాధానము ఆ చరిత్రలోనే కలదు.

1839వ సంవత్సరము ఆగష్టు నెలలో ఫ్రెంచి ప్రభుత్వము దగేర్ అనువాడు కనిపెట్టిన ఛాయాగ్రహణ విద్యను లోకమునకెల్ల వెల్లడిచేసెను. వెండిపూత గల రాగిరేకుపై వెలుతురుచేత బొమ్మ నిలుపుటయే ఆ విద్య. ఆ యేట పారిసునగరమున అమ్మిన కెమెరా సామగ్రి సుమారు 50 కిలోల బరువు. వెల 400 ఫ్రాంకులు. ఇంత బరువు మోసినను, బొమ్మ పడుటకు అనేక నిమిషములు పట్టుచుండెను. 1838లో దగేర్ తీసిన పారిసు వీథి చిత్రమొకటి ప్రసిద్ధము. నడచిపోవు జనము, పరుగిడు బండ్లు అందు కానరావు. బూట్లకు మెఱుగు పెట్టించుకొనుచు కదలక నిలిచిన ఒకడును, వానికి మెఱుగుపెట్టు వాడును మాత్రము లీలగా కనుపింతురు. కదలినవారందఱును మాయమైరి.

ఈ లోపమును తీర్చినది లెన్సు, అనగా గాజు కటకము. 1840లో వియన్నానగరమున యోజెఫ్ పెట్జ్‌వాల్ అను గణితాచార్యుడు లెక్కలు గట్టి, మనుష్యుల ముఖములు తీయుటకు క్రొత్త కటకమును నిర్మింపజేసెను. అది అంతకుముందటి కటకముకంటె పది రెట్లకు పైగా వెలుతురును లోనికి రానిచ్చెను. పెద్ద కిటికీ తెఱచిన గదిలోనికి వెలుగు ఎక్కువగా వచ్చునట్లే యిదియును. నిమిషముల పని క్షణములలోనికి దిగెను. అంతట మనుష్యుని ముఖము కెమెరాకు చిక్కినది. కావున మొదటినుండియు ఈ విద్యలో పెట్టెకంటె ముందు ఎంచవలసినది దాని కన్ను. ఈ మాట గుర్తుంచుకొనుడు. మరల దీనికి వత్తును.

1851లో ఆర్చర్ అను ఆంగ్లేయుడు గాజుపలకపై తడిమందు పూసి బొమ్మ తీయు పద్ధతిని ప్రకటించెను. ఆ పద్ధతిలో పలక తడియారక మునుపే పటము తీసి, వెంటనే కడుగవలెను. అందుచే ఛాయాగ్రాహకుడు ఎచటికి పోయినను చీకటి డేరాను, మందు సీసాలను వెంట మోయవలసివచ్చెను. అమెరికాలో జార్జి ఈస్ట్‌మన్ అను బ్యాంకి గుమాస్తా తన యిరువది నాలుగవ యేట ఒక ప్రయాణము సంకల్పించి, దానికై ఇట్టి సామగ్రిని కొనెను. ఆ బరువు చూచి అతనికి వెగటు పుట్టెను. ప్రయాణము సాగలేదు, గాని ఈ బరువును తగ్గింపవలెనను పట్టుదల నిలిచెను. 1888లో అతడు కొడాక్ అను చేతిపెట్టెను వెలువరించెను. వెల 25 డాలర్లు. అందు నూఱు బొమ్మలకు చాలిన ఫిల్ము చుట్టియుండెను. నూఱును తీసినపిదప పెట్టెను కార్ఖానకు పంపినచో వారే బొమ్మలు కడిగి, క్రొత్త ఫిల్ము చుట్టి తిరిగి పంపుచుండిరి. 1900లో అతని సంస్థయే బ్రౌనీ అను అట్టపెట్టె కెమెరాను ఒక్క డాలరుకు అమ్మెను. దానికి ఒకే చిన్న కటకము. బాలురు సైతము దానితో తమ యిండ్లవారి పటములు తీసుకొనిరి.

మన దేశమున ఆ కాలపు మేటి లాలా దీన్‌దయాళ్. రూర్కీలో ఇంజనీరింగు చదివి, ఇందూరున కొలువు చేయుచు ఈ విద్య నేర్చెను. పిదప హైదరాబాదున ఆఱవ నిజాము మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాగ్రాహకుడై, 1894లో రాజా బిరుదము నందెను. 1892లో ఆయన హైదరాబాదున ఘోషా స్త్రీలకొఱకు వేఱుగా ఒక స్టూడియో నేర్పరచి, దానిని ఒక ఆంగ్లేయ వనిత చేతికప్పగించెను. బయటికి రానివారి చెంతకు కెమెరాయే పోవలెనని ఆయన గ్రహించెను. అయినను అది కలవారి యిండ్లకే చేరినది. మా నాయనమ్మవంటివారి గడపకు రాలేదు.

కెమెరా మఱింత తేలికయైనది 1925లో. జర్మనీలో ఆస్కార్ బార్నాక్ అనువాడు ఉబ్బసపు రోగి. పెద్ద కెమెరాను మోసికొని కొండలెక్కలేకపోయెను. అతడు నిర్మించిన లైకా ఆ యేట లైప్జిగు సంతలో వెలువడెను. దాని కటకము 50 మిల్లిమీటర్లది. అనగా మనుష్యుని కంటికి వస్తువులు ఎంత దూరమున, ఎంత పరిమాణమున తోచునో రమారమి అట్లే చూపునది. ఫ్రెంచి ఛాయాగ్రాహకుడు కార్టియే-బ్రెసోఁ తన పనిలో అధిక భాగమును ఈ కొలత కటకముతోనే నిర్వహించెను. 1948 జనవరి 30వ తేదీన గాంధీమహాత్ముని హత్యకు కొలది సేపటికి ముందు ఆయనను దర్శించి పటములు తీసినవాడును, తరువాత అంత్యయాత్రను చిత్రించినవాడును ఇతడే. లెన్సులు నాలుగు లేకపోయెనే యని ఆ పటములు చూచినవారెవరును అనరు.

1975లో కొడాక్ సంస్థలోనే స్టీవెన్ సాసన్ అను యువకుడు ఫిల్ము లేని కెమెరాను నిర్మించెను. దాని బొమ్మలో పదివేల బిందువులు మాత్రమే. నేటి కెమెరాలలో రెండుకోట్లకు మించి యుండుట సామాన్యము. దుకాణములలో ఈ బిందువుల సంఖ్యనే గొప్పగా చెప్పుదురు. కాని 8 అంగుళముల వెడల్పు, 10 అంగుళముల పొడవు గల పటమును అంగుళమునకు 300 బిందువుల చొప్పున అచ్చువేసినను 72 లక్షలే చాలును. గోడకు తగిలించు పటమునకు అంతకుమించి వెచ్చించుట అనవసరము.

ఇక మా మనుమనికి చెప్పిన మాట మీకును చెప్పెదను. చేతి ఫోనులోనే కెమెరా కలదు. వెలుతురు ఏ దిక్కునుండి పడుచున్నదో చూచుట మొదట దానితోనే నేర్వవచ్చును. పిదప కొనదలచినచో పెట్టె సామాన్యమైనదైనను, ఒకరు వాడి యమ్మినదైనను చాలును. డబ్బు కంటిమీద పెట్టవలెను. పెట్టెతో కలిపి యిచ్చు, ముందుకు వెనుకకు సాగు లెన్సు దూరపు వస్తువులను దగ్గఱగా చూపునపుడు కిటికీ చిన్నదగును. 1.8 అను గుర్తు గల 50 మిల్లిమీటర్ల లెన్సు దానికంటె తొమ్మిది రెట్లకు మించి వెలుతురు తెచ్చును. వసారాలో, వంటయింటిలో, దీపపు వెలుగులో ముఖములు తీయుటకు ఇది ముఖ్యము. పెట్జ్‌వాల్ నాడు సాధించినదియు ఇదియే గదా. కెమెరాలోని వెలుతురు పలక చిన్నదైనచో, 50కి బదులు 35 మిల్లిమీటర్లది కొనినచో చూపు సమానమగును. అట్టి లెన్సు సాగదు. కావున తీయువాడే ముందుకో వెనుకకో నడువవలెను. ఆ నడకయే ఈ విద్యకు ఓనమాలు. ఒక యేడాది దానితో తీసిన పిమ్మట, ఏమి చాలలేదో వానికే తెలియును. రెండవ లెన్సు అప్పుడు కొనవచ్చును.

పట్టికలోని మిగిలిన వస్తువులను కొట్టివేసితిమి. మనుమడు మొదట కొంచెము చిన్నబుచ్చుకొనెను. మొదటి పటము ఎవరిది తీయమందువని అడుగగా, మా మేనత్తది తీయుమంటిని. ఆమెకు తొంబదియేండ్లు దాటినవి. ఉదయమున ఆమె పెరటి గడపపై కూర్చుండి కూర తఱుగుచుండగా, ప్రక్కనుండి వెలుతురు పడుచుండగా వాడు ఆ పటము తీసెను. ఇప్పుడది తాతగారి పటము ప్రక్కన నున్నది. మా నాయనమ్మ యెట్లుండెడిదని పిల్లలడిగినచో, నేను దానిని చూపుచున్నాను.

మీ యిండ్లలో ఇంకను పటము లేని పెద్దవారున్నచో, మంచి కెమెరా వచ్చువఱకును ఆగకుడు. ఉన్నదానితో ఈ వారమే తీయింపుడు.