గడువు కొలువులు: మన వంతు ఎక్కడ?

పరిశోధన అంటే తిండికి ఢోకా లేనోళ్ల వ్యవహారమని చాలామంది అనుకుంటరు. మన చరిత్ర వేరే. మన పరిశోధన మొదటి నుంచీ గడువు మీదే నడిచింది. అంబేద్కర్ 1913లో బరోడా సంస్థానం ఉపకారవేతనంతో కొలంబియా పోయిండు. బదులుగా ఆ సంస్థానంలో పదేళ్లు కొలువు చేస్తానని రాసిచ్చిండు. వేతనం గడువు తీరేసరికి 1917లో లండన్ చదువు నడుమనే వదిలి తిరిగొచ్చిండు. బరోడాలో కొలువైతే దొరికింది, తలదాచుకునే చోటు దొరకలేదు. 1918లో బొంబాయి సిడెన్‌హామ్ కాలేజీలో అధ్యాపకుడిగా చేరి, జీతంలో మిగిల్చిన దానికి అప్పూ సాయమూ కలుపుకొని, 1920లో మళ్లీ లండన్ పోయి చదువు పూర్తి చేసిండు.

మన తరానికి 2005-06లో మొదలైన రాజీవ్ గాంధీ జాతీయ ఫెలోషిప్ ఆసరా అయింది. మొదట్లో ఏడాదికి 2,000 మందికి: ఎస్సీలు 1,333, ఎస్టీలు 667. గడువు ఐదేళ్లు. చరిత్రయినా రసాయనశాస్త్రమైనా డబ్బు పరిశోధకుడి పేరు మీదే వచ్చేది. అందుకే వెట్టి గురించీ, తోళ్ల పని గురించీ, వాడ గురించీ మన ప్రశ్నలు మనమే వేసుకోగలిగినం.

ప్రాజెక్టు కొలువు అట్ల కాదు. డబ్బు ప్రొఫెసర్ పేరు మీద వస్తుంది. సైన్సు శాఖలో ప్రాజెక్టు ఫెలో, అర్థశాస్త్రంలో సర్వేకు పోయే ఇన్వెస్టిగేటరు, తెలుగు శాఖలో నిఘంటువు పనికి సహాయకుడు. పేర్లు వేరైనా పద్ధతి ఒక్కటే: ఆర్నెల్లు, ఏడాది, లేకుంటే ప్రాజెక్టు ఉన్నన్నాళ్లు. మేం వెతుకుతున్నప్పుడు ఒక శాఖలో ప్రకటన నోటీసుబోర్డు ఎక్కేసరికే మనిషి కుదిరిపోయిండు. ఇంటర్వ్యూలో మమ్మల్ని అడిగింది ఒక్కటే: ‘మీకెవరు చెప్పిండ్రు?’ చెప్పేవాళ్లు మా ఇంట్ల ఎవరున్నరు? మా నాయన జీతమున్న రోజుల్లో ఉగాదికి దొర వాకిట్ల మాట కుదిరేది. చదువుకున్న మాకూ మాట సారు గదిలోనే కుదరాల్నా?

45 రోజులు, అంతకు మించి సాగే తాత్కాలిక నియామకాల్లోనూ రిజర్వేషన్ పాటించాలని కేంద్ర ప్రభుత్వ ఉత్తర్వులున్నయి. 2018లో మళ్లీ గుర్తు చేసిండ్రు కూడా. కానీ శాఖకొక పోస్టు, ప్రాజెక్టుకొక పోస్టు అయితే ‘ఒక్కదానికి రిజర్వేషన్ ఎట్ల?’ అంటరు. ఈ ఎత్తు కొత్తది కాదు. శాశ్వత అధ్యాపక పోస్టులకు శాఖనే యూనిట్‌గా తీసుకోవాలని 2017లో అలహాబాదు హైకోర్టు చెప్పింది. 2018 మార్చిలో యూజీసీ అదే ఉత్తర్వు ఇచ్చింది. 13 పాయింట్ల రోస్టరులో ఎస్సీ వంతు ఏడోది. నలుగురే ఉండే శాఖలో ఆ వంతు ఎన్నేళ్లకొస్తది? దేశమంతా విద్యార్థులు, అధ్యాపకులు రోడ్డెక్కినంకనే 2019 మార్చిలో ఆర్డినెన్సు, తర్వాత చట్టం వచ్చినయి. విశ్వవిద్యాలయం మొత్తాన్నీ ఒకే యూనిట్‌గా లెక్కించే పద్ధతి నిలిచింది.

గడువు కొలువులకూ అదే లెక్క కావాలె. అన్ని శాఖల ప్రాజెక్టు పోస్టులను ఒక్క జాబితాలో కలపాలె, అందరికీ కనబడేటట్టు ప్రకటించాలె, వంతు అక్కడినుంచి లెక్కగట్టాలె. ఏ శాఖ, ఎన్ని నెలలకు, ఎంతమందిని, ఏ వర్గం నుంచి తీసుకుందో 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద అడగొచ్చు. విద్యార్థి సంఘాలు ఒక్కో క్యాంపస్‌లో ఆ దరఖాస్తుతోనే పని మొదలుపెట్టాలె. మన పిల్లలు ఏ చదువు చదివినా, ‘మీకెవరు చెప్పిండ్రు?’ అన్న ప్రశ్న వాళ్లకు ఎదురు కాకూడదు.