రేవు ఒడ్డున మ్యూజియం కట్టాలంటే.. ముందు తేలాల్సినవి ఇవే

వెంకటాచలం: వెంకటాచలం నుంచి ఒక రైలు మార్గం కృష్ణపట్నం రేవుకు వెళ్తుంది. ఇలాంటి రేవు పక్కన జనం కోసం ఒక మ్యూజియం కట్టాలనుకుంటే, డిజైన్ కంటే ముందు మూడు సంగతులు తేలాలి. అవి స్థలం, ఉప్పుగాలి, ఖర్చు. ఈ మూడూ తేలకుండా ఎంత అందమైన బొమ్మ గీసినా అది కాగితం మీదే ఉండిపోతుంది.

స్థలం
తీరంలో కట్టే భవనాలకు సీఆర్‌జెడ్ నిబంధనలు వర్తిస్తాయి. 2019 నోటిఫికేషన్ ప్రకారం గ్రామీణ తీరంలో పోటు గీత నుంచి 200 మీటర్ల వరకు కొత్త నిర్మాణాలపై ఆంక్షలున్నాయి. జనసాంద్రత ఎక్కువగా ఉన్న పల్లెల్లో ఇది 50 మీటర్లు. రూల్స్ సంగతి అలా ఉంచితే, పడవలు లాగే చోటు, వలలు ఆరబెట్టే చోటు మత్స్యకారులకే మిగలాలి. టికెట్ కొనని వాళ్లు కూడా నీళ్ల దాకా నడిచి వెళ్లేలా దారి వదలాలి.

ఉప్పుగాలి, తుపాను
సముద్రపు తుంపర తగిలే కాంక్రీటుకు ఐఎస్ 456 ప్రకారం కనీసం ఎం35 గ్రేడ్ వాడాలి. లోపలి ఇనుప కడ్డీల మీద 50 మి.మీ. కవర్ ఉండాలి. ఇది తగ్గితే కడ్డీలు తుప్పు పట్టి ఉబ్బుతాయి, పెచ్చులు ఊడతాయి. ఉప్పెన భయం ఉన్న చోట పాత పత్రాలు, వస్తువులు దాచే గది నేలమాళిగలో పెట్టకూడదు, పై అంతస్తులోనే ఉండాలి. కరెంటు ప్యానెళ్లు, జనరేటర్ కూడా ఎత్తులోనే పెట్టాలి.

విశాఖ, దోహా
మన దగ్గర తెలిసిన ఉదాహరణ విశాఖ ఆర్కే బీచ్. 1969లో నౌకాదళంలో చేరి 2001లో రిటైరైన ఐఎన్‌ఎస్ కురుసుర జలాంతర్గామిని ఒడ్డుకు చేర్చి, 2002లో మ్యూజియంగా తెరిచారు. ఇక్కడ చూసే వస్తువే భవనం. బీచ్‌కి వచ్చినవాళ్లు అలాగే లోపలికి వెళ్లి చూసొస్తారు.

ఖతర్ రాజధాని దోహాలో 2008లో తెరుచుకున్న ఇస్లామిక్ కళల మ్యూజియం ఇంకో దారి. ఆర్కిటెక్ట్ ఐ.ఎం.పేయ్ దాన్ని తీరానికి కాస్త దూరంగా, నీళ్లలో కట్టిన దీవి మీద నిలిపారు. రేపు పక్కన ఎత్తైన భవనాలు లేచినా మ్యూజియం మరుగున పడకూడదన్నది ఆయన ఆలోచన. రూపం కోసం కైరోలోని ఇబ్న్ తులూన్ మసీదు వుజూ ఖానాను ఆదర్శంగా తీసుకున్నారు.

ఖర్చు
ఫిన్లాండ్ రాజధాని హెల్సింకి రేవులో గుగ్గెన్‌హైమ్ మ్యూజియం కోసం 2014లో పోటీ పెడితే 1,715 డిజైన్లు వచ్చాయి. 2015లో విజేతను ప్రకటించారు. 2016లో నగర కౌన్సిల్ ఓటింగ్‌లో ప్రాజెక్టునే తిరస్కరించింది. ప్రజల సొమ్ము అంత పెట్టాలా అన్నదే అక్కడ ప్రధాన అభ్యంతరం.

అందుకే కట్టే ఖర్చుతో పాటు ఏటా అయ్యే రంగులు, ఏసీ, కాపలా ఖర్చు ఎవరు భరిస్తారో ముందే రాసుకోవాలి. ఆ లెక్క జనం ముందు పెట్టి, వాళ్లు ఒప్పుకున్నాకే పునాది తవ్వాలి.