రాజమండ్రి టూరులో పిల్లలకు చెప్పని కథ

మా కోరుకొండ బళ్ళ నుంచి పిల్లల్ని ఏటా ఎక్కడికో ఒకచోటికి తీసుకెళ్తారు. ఎక్కువసార్లు రాజమండ్రికే. 20 కిలోమీటర్ల దూరం, పొద్దున బయల్దేరితే చీకటి పడేలోగా వచ్చేయొచ్చు. ఈసారి మా అమ్మాయి ఎనిమిదో తరగతి వాళ్ళ వంతు. కోటిలింగాల రేవు, మార్కండేయస్వామి గుడి, ధవళేశ్వరంలో కాటన్ మ్యూజియం, బ్యారేజీ, తర్వాత పులిహోర పొట్లాలు, ఇంటికి. బడి నుంచి వచ్చిన కాగితంలో ఉన్న వరస ఇదీ.

ఇవన్నీ చూడాల్సినవే, కాదనను. రాజరాజ నరేంద్రుడు ఏలిన ఊరు, 11వ శతాబ్దంలో నన్నయగారు భారతం తెలుగు చేయడం మొదలుపెట్టిన ఊరు. బీఏలో తెలుగు చదివిన నాకు ఆ ఊరి పేరు వింటే ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది. 1847 నుంచి 1852 దాకా కట్టిన ఆనకట్ట లేకపోతే మన డెల్టాలో ఈ పచ్చదనం లేదు. కానీ ఈ వరసలో అందరూ రాజులు, కవులు, ఇంజనీర్లు. ఆడవాళ్ళు ఎక్కడున్నారు?

మా కొండమీద ఉన్న నరసింహస్వామి గుడికి ఆరువందలకు పైగా మెట్లు. ఆ స్వామి అక్కడ వెలవడానికి లక్ష్మీదాసి అనే భక్తురాలు కారణమని మా ఊళ్ళో చెప్పుకుంటారు. మన ఊరి కథలో ఒక ఆడమనిషి పేరు నిలిచింది కదా, రాజమండ్రి కథలోనూ ఒకావిడ ఉన్నారు. కందుకూరి రాజ్యలక్ష్మమ్మగారు.

ఊరి పక్కనే ఉన్న కాతేరు ఆడపడుచు. అసలు పేరు బాపమ్మ. చిన్నతనంలోనే వీరేశలింగంగారితో పెళ్ళయింది. ఆయన 1874లో ధవళేశ్వరంలో ఆడపిల్లలకు బడి పెట్టారు, అదే ఏడు 'వివేకవర్ధని' పత్రిక మొదలుపెట్టారు. వితంతువులు మళ్ళీ పెళ్ళి చేసుకోవచ్చని 1856లోనే చట్టం వచ్చింది. చట్టం వస్తే సరిపోతుందా? ముందుకొచ్చేవాళ్ళు ఉండొద్దూ! పాతికేళ్ళ తర్వాత, 1881 డిసెంబరు 11న, రాజమండ్రిలో గోగులపాటి శ్రీరాములుగారికీ, గౌరమ్మ అనే బాలవితంతువుకూ వీరేశలింగంగారు పెళ్ళి జరిపించారు. కాకినాడ నుంచి పైడా రామకృష్ణయ్యగారు డబ్బు సాయం చేశారు. బడి పిల్లలు ఆయన వెంట నిలబడ్డారు.

ఊరు ఊరంతా వెలివేసింది. వంటవాళ్ళు రాలేదు. నీళ్ళు మోసేవాళ్ళు మానేశారు. పెళ్ళంటే ఎన్ని బిందెల నీళ్ళు కావాలో, ఎంతమందికి వండాలో మనకు వేరే చెప్పాలా? రాజ్యలక్ష్మమ్మగారే గోదావరికి వెళ్ళి నీళ్ళు మోసుకొచ్చి, పొయ్యి దగ్గర నిలబడి వండారు. బంధువులు రాకపోకలు మానేసినా వెనక్కి తగ్గలేదు. ఆ తర్వాత కూడా దిక్కులేని ఆడపిల్లల్ని ఇంట్లో పెట్టుకుని చూసుకున్నారు. ఆయన ఉపన్యాసాలు పుస్తకాల్లోకి ఎక్కాయి. ఆవిడ మోసిన బిందెలకు లెక్క ఎవరు రాస్తారు?

ఇది నాకు పుస్తకంలో విషయం మాత్రమే కాదు. మా అమ్మమ్మకు మేనత్త ఒకావిడ ఉండేవారట. తొమ్మిదో ఏట భర్త పోయాడు. అప్పటికి వీరేశలింగంగారు బతికే ఉన్నారు. రాజమండ్రి బండిమీద ఒక పూట ప్రయాణం. అయినా ఆ పెళ్ళిళ్ళ మాట మా వాళ్ళ గడప దాటి లోపలికి రాలేదు. ఆవిడ గుండు చేయించుకుని, ముతక పంచె కట్టుకుని, అందరి పిల్లల్నీ పెంచి, వంటింట్లోనే ముసలైపోయారు. అందరూ 'అత్తయ్య' అనే పిలిచేవారు. అసలు పేరేమిటని మా అమ్మను అడిగాను. ఆవిడకూ తెలీదు.

మా అమ్మాయికి పదమూడేళ్ళు. ఆ రోజుల్లో ఈ ఈడుకి పెళ్ళీ అయిపోయేది, కొందరికి బతుకూ అయిపోయేది. ఇప్పుడు నీళ్ళ సీసా సంచిలో పెట్టుకుని, స్నేహితురాళ్ళతో కిటికీ పక్క సీటు కోసం పోట్లాడుకుంటూ బస్సెక్కుతోంది. ఆ తేడా ఊరికే రాలేదని దానికి తెలియాలి.

అందుకే మా బళ్ళో టీచరుగారిని అడిగాను, కందుకూరివారి ఇల్లు కూడా చూపించండి అని. ఆయన పుట్టిన ఇల్లు ఇప్పటికీ ఉంది. ఆనంద గార్డెన్స్‌లో దంపతులిద్దరి సమాధులూ ఉన్నాయి. 1910లో ఆవిడా, 1919లో ఆయనా పోయారు. రాజ్యలక్ష్మమ్మగారి పేరున ఊళ్ళో ప్రభుత్వ మహిళా కళాశాల నడుస్తోంది. అదీ చూపించమన్నాను. ఒక అరగంట ఎక్కువ పడుతుంది, అంతే. సరేనన్నారు.

మీ పిల్లలు కూడా రాజమండ్రి టూరు వెళ్తుంటే, పులిహోర డబ్బాతో పాటు ఒక ప్రశ్న కూడా ఇచ్చి పంపండి. 1881లో ఆ పెళ్ళికి గోదావరి నుంచి నీళ్ళు ఎవరు తెచ్చారు?