నొప్పి లేని గడ్డను ఉపేక్షించరాదు

బోయినపల్లి: రొమ్ములో గడ్డ చేతికి తగిలినా, నొప్పి లేదు కదా అని పత్తి ఏరే పనులు ముగిసేవరకో, చుట్టిన బీడీలు అప్పజెప్పేవరకో వాయిదా వేసే మహిళలు మన పల్లెల్లో ఎందరో. క్యాన్సర్‌ గడ్డ తొలిదశలో సాధారణంగా నొప్పి పెట్టదు. ఆ వాయిదాలోనే వ్యాధి ముదురుతుంది. 2022 అంచనాల ప్రకారం దేశంలో సుమారు 1.92 లక్షల మంది మహిళలు కొత్తగా రొమ్ము క్యాన్సర్‌ బారిన పడగా, 98 వేల మంది మరణించారు.

వయసుతోపాటు ముప్పు పెరుగుతుంది. అయినా పాశ్చాత్య దేశాలకన్నా మన దేశంలో ఇది దాదాపు పదేళ్లు ముందుగా కనిపిస్తోంది. చిన్న వయసులో రజస్వల కావడం, ఆలస్యంగా ముట్లుడగడం, సంతానం లేకపోవడం, 30 ఏళ్లు దాటాక తొలి కాన్పు, ముట్లుడిగిన తర్వాత స్థూలకాయం, మద్యపానం కూడా ముప్పును పెంచుతాయి. బిడ్డకు పాలివ్వడం కొంత రక్షణ. వంశపారంపర్యంగా వచ్చేవి 5 నుంచి 10 శాతమే. కనుక ‘మా ఇంట్లో ఎవరికీ లేదు’ అన్న ధీమా తగదు. అరుదుగా పురుషులకూ వస్తుంది.

ఈ క్యాన్సర్లలో అధికభాగం పాలనాళాల్లో, కొన్ని పాలగ్రంథుల్లో పుడతాయి. చికిత్సను నిర్ణయించేది మాత్రం గడ్డ స్వభావం. హార్మోన్లకు స్పందించే రకానికి టామాక్సిఫెన్‌ వంటి మాత్రలు 5 నుంచి 10 ఏళ్లు వాడాలి. హెర్‌2 ప్రోటీన్‌ అధికంగా ఉంటే ట్రాస్టుజుమాబ్‌ ఇస్తారు. ఈ లక్షణాలేవీ లేని ట్రిపుల్‌ నెగటివ్‌ రకానికి కీమోథెరపీయే ప్రధానం. ఇది తేల్చేది బయాప్సీ. సూది గుచ్చితే క్యాన్సర్‌ పాకుతుందన్న భయం నిరాధారం. గడ్డ చిన్నదైతే దానిని మాత్రమే తొలగించి రేడియేషన్‌ ఇస్తారు. రొమ్ము మొత్తం తీయనక్కరలేదు.

ముంబయిలోని టాటా మెమోరియల్‌ ఆస్పత్రి 1998లో ప్రారంభించి, 1.5 లక్షల మంది మహిళలపై 20 ఏళ్లు జరిపిన అధ్యయన ఫలితాలు 2021లో వెలువడ్డాయి. శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్లకోసారి చేతితో పరీక్షించగా, 50 ఏళ్లు దాటినవారిలో ఈ వ్యాధి మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి. చిన్న వయసువారిలో అంతటి ప్రయోజనం కనిపించలేదు. మామోగ్రామ్‌ యంత్రం అందుబాటులో లేని మండలాలకు ఇది ఊరటనిచ్చే విషయమే. ఏఎన్‌ఎం పరీక్ష చేస్తానంటే సిగ్గుపడి వెనుదిరగడం సరికాదు.

మహిళల పరీక్షలకు ఉద్దేశించిన ‘ఆరోగ్య మహిళ’ కార్యక్రమం 2023 మార్చి 8న కరీంనగర్‌లోనే మొదలైంది. హైదరాబాద్‌లోని ఎంఎన్‌జే ప్రభుత్వ క్యాన్సర్‌ ఆస్పత్రిలో చికిత్స లభిస్తుంది. అర్హులకు ఆరోగ్యశ్రీ వర్తిస్తుంది. రొమ్ములోగాని చంకలోగాని గడ్డ, చనుమొన లోపలికి పోవడం, రక్తస్రావం, నారింజ తొక్కలా గుంతలు పడిన చర్మం.. వీటిలో ఏది కనిపించినా ముందుగా ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చూపించుకోవాలి.