అల్ సూఫీ చూసిన చిన్న మబ్బు

మన సభలలో ఖగోళ శాస్త్ర ప్రస్తావన వచ్చినప్పుడల్లా ఒక మాట వినిపిస్తుంది: నక్షత్రాలకు నేటికీ అరబ్బీ పేర్లే ఉన్నాయని. అది చాలావరకు నిజమే. మన రోహిణి పాశ్చాత్యులకు అల్దెబరాన్, మన శ్రవణం వారికి అల్తాయిర్. రెండూ అరబ్బీ మాటలే. అయితే ఆ పేర్లను గర్వంగా చెప్పుకొనే మనలో ఎందరు ఆ నక్షత్రాలను ఆకాశంలో గుర్తుపట్టగలరు?

సుమారు వెయ్యేండ్ల క్రితమే ఇటువంటి లోపాన్ని ఎత్తిచూపినవాడు అబ్దుర్రహ్మాన్ అల్ సూఫీ. ఆయన క్రీ.శ. 903లో ఇరాన్‌లోని రయ్ పట్టణంలో జన్మించాడు. బువైహీ పాలకుడు అజుదుద్దౌలా ఆదరణ పొందాడు. 986లో మరణించాడు. హిజ్రీ 353 (క్రీ.శ. 964) ప్రాంతంలో ఆయన రచించిన 'సువరుల్ కవాకిబ్'కు గ్రీకు పండితుడు టాలమీ వర్ణించిన 48 నక్షత్ర మండలాలే ఆధారం. కాని నక్షత్రాల కాంతిని ఆయన టాలమీ పట్టిక చూసి దింపుకోలేదు. తన కంటితో పరిశీలించి సరిదిద్దాడు. నక్షత్రాలను చూడకుండానే పుస్తకాల నుండి నకలు చేసిన పూర్వులను పీఠికలో విమర్శించాడు. ప్రతి మండలానికి రెండేసి బొమ్మలు ఇచ్చాడు: ఆకాశంలో కనిపించే తీరు ఒకటి, గోళం మీద కనిపించే తీరు మరొకటి.

ఈ గ్రంథంలోనే, 'మర్అతుల్ ముసల్సలా' (దేవయాని) మండలం వద్ద, అరబ్బులు ఊహించిన చేప నోటి దగ్గర ఒక చిన్న మబ్బు ఉన్నదని ఆయన పేర్కొన్నాడు. దానిని గురించి మనకు లభించిన తొలి లిఖిత ప్రస్తావన ఇదే. అప్పటికి దూరదర్శిని లేదు. ఆ మబ్బు ఏమిటో ఆయనకు తెలియదు. తెలిసినట్లు రాయనూ లేదు. కనుక గెలాక్సీలను కనుగొన్నది మనవారేనని చాటడం ఆయనకు గౌరవం కాదు. చూసినదాన్ని చూసినంతవరకే రాయడం ఆయన గొప్పతనం.

1888లో ఇంగ్లండులో ఐజక్ రాబర్ట్స్ 20 అంగుళాల దూరదర్శినితో ఆ మబ్బును ఫొటో తీయగా దాని సుడి ఆకారం బయటపడింది. 1923లో ఎడ్విన్ హబుల్ మౌంట్ విల్సన్‌లో తీసిన ఫొటో పలకలలో, కాంతి మారే ఒక నక్షత్రం ఆధారంగా, అది మన పాలపుంతకు వెలుపలి మరో నక్షత్ర ప్రపంచమని తేలింది. దాని దూరం సుమారు 25 లక్షల కాంతి సంవత్సరాలు.

ఈ చరిత్రలో హైదరాబాదుకూ చోటున్నది. నవాబు జఫర్ జంగ్ 1901లో నెలకొల్పిన నిజామియా వేధశాల 1908లో నిజాం ప్రభుత్వాధీనమైంది. ఆకాశమంతటినీ ఫొటోలు తీసి పటం గీయాలని 1887లో పారిస్‌లో ఆరంభమైన అంతర్జాతీయ కృషిలో అది పాలుపంచుకొన్నది. అదే నగరంలోని దాయిరతుల్ మఆరిఫ్ 1954లో అల్ సూఫీ గ్రంథాన్ని అరబ్బీలో ముద్రించింది. ఇంత దగ్గరున్న వారసత్వం మన మదరసాలలో గ్రంథాల పేర్లుగానే మిగిలిపోరాదు.

ఆ మబ్బును చూడటానికి వేధశాల అవసరం లేదు. నవంబరు మాసంలో, చంద్రుడు లేని రాత్రి, ఇషా నమాజు తరువాత తొమ్మిది గంటల ప్రాంతంలో, దీపాల వెలుగు లేని ఊరి బయట ఉత్తరదిశకు తిరిగి నిలబడండి. ఆంగ్ల 'ఎమ్' అక్షరం వంటి జాతుల్ కుర్సీ (శర్మిష్ఠ) కనిపిస్తుంది. దానికి బాగా పైన ఉన్న ప్రకాశవంతమైన మిరాక్ నక్షత్రాన్ని గుర్తించి, అక్కడినుండి శర్మిష్ఠ వైపు దిగుతూ రెండు చిన్న నక్షత్రాలు దాటితే, రెండవదాని పక్కనే మసకమరక ఉంటుంది. నేరుగా కాక కాస్త పక్కకు చూస్తే బాగా తెలుస్తుంది. చిన్న బైనాక్యులర్ ఉంటే మరీ మేలు.

ఫొటోకు సాధారణ కెమెరా, కదలని స్టాండు చాలు. 50 మిల్లీమీటర్ల లెన్సును పూర్తిగా తెరచి, ఒక పెద్ద నక్షత్రంపై ఫోకస్ చేసి, షట్టర్‌ను ఎనిమిది సెకన్లు తెరిచి ఉంచాలి. అంతకు చాలా మించితే భూభ్రమణం వల్ల చుక్కలు గీతలవుతాయి. తేదీ, సమయం, స్థలం రాసిపెట్టాలి.

భూమ్యాకాశాల సృష్టిని గురించి యోచించమని దివ్య ఖుర్ఆన్ ఆదేశిస్తున్నది. పూర్వుల పేర్లు చెప్పుకోవడంతో ఆ బాధ్యత తీరదు. అల్ సూఫీ చేసిన పనిలో ఒక్క రాత్రి పనైనా మనం చేయాలి.